కొత్తపట్నం పిల్లలకు ఆప్టిమిస్టా, లేజరా?

మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ల పిల్లలకు గాలి వాటం వేరే నేర్పక్కర్లేదు. నేర్పాల్సింది తెరచాప పందెం పడవ నడపడమే.

పదేళ్లవాళ్లకు ఆప్టిమిస్ట్ అనే ఒక్కరు నడిపే చిన్న పడవే సరి. పొడవు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు. తెరచాపను నిలబెట్టే ఏటవాలు కర్ర వదులైతే, తెరచాప కట్టిన స్తంభం పైకొస నుంచి వెనక కిందిమూలకు ముడత పడి వేగం చస్తుంది. వెంటనే కర్ర తాడు బిగించాలి. బోల్తా పడితే నీళ్లు తోడుకోవాల్సిందే, అదీ మంచి సాధనే! 15 ఏళ్లు దాటితే ఈ తరగతిలో పోటీ ఉండదు.

ఆపైన లేజర్, ఇప్పటి పేరు ఐఎల్‌సీఏ. ఒకే పడవకు 4.7, 5.76, 7.06 చదరపు మీటర్ల తెరచాపలు. వాటితోపాటు స్తంభం కింది ముక్క మారుతుంది. టోక్యో ఒలింపిక్స్‌లో చెన్నై అమ్మాయి నేత్రా కుమనన్ నడిపింది 5.76దే. దీన్లో నీళ్లు వాటంతటవే పోతాయి గానీ, బోల్తా పడ్డాక లేపాలంటే అడుగుపలక (పడవ మధ్యలోంచి నీళ్లలోకి దించే పలక) మీద నిలబడే బరువుండాలి.