లెచూసా, యొరోనా... ఏది ఎక్కువ భయం?

సౌత్ టెక్సాస్‌లో, బోర్డర్‌కి అవతల ఉత్తర మెక్సికోలో పిల్లలు చీకటిపడ్డాక బయట తిరక్కుండా పెద్దవాళ్ళు చెప్పే కథలు రెండు, ఒకటి లెచూసా, ఇంకోటి లా యొరోనా. రెండూ ఏడుపుతోనే భయపెడతాయి కానీ తేడా చాలా ఉంది.

యొరోనా అంటే ఏడ్చే ఆడమనిషి. తన పిల్లల్ని తనే ఏట్లో ముంచేసి, తెల్లబట్టల్లో ఆ నీళ్ళ పక్కనే వాళ్ళని వెతుక్కుంటూ తిరుగుతుంది. ఏటివైపు పోకపోతే చాలు, మన జోలికి రాదు.

లెచూసా అలా కాదండీ, అదే ఇంటికొస్తుంది. ఆడమనిషి మొహం, గుడ్లగూబ ఒళ్ళు, అర్ధరాత్రి గుమ్మం బయట పసిబిడ్డ ఏడ్చినట్టు ఏడుస్తుంది, అయ్యో పాపం అని తలుపు తీశారో అంతే. విరుగుడు ఏంటంటే తాడుకి ఏడు ముళ్ళు వెయ్యడం, ఉప్పు, ప్రార్థనలు, కొందరైతే బూతులు తిడితే పోతుందంటారు. తలుపు మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న మన ఊళ్ళవాళ్ళకి ఇది వెంటనే అర్థమైపోతుంది.

నాకైతే లెచూసానే భయం, ఎందుకంటే ఆ పిట్ట నిజంగా ఉంది. స్పానిష్‌లో లెచూసా అంటే మనం చావుపిట్ట అనే గుడ్లగూబే, రెక్కల చప్పుడు అస్సలు వినపడదు, గొంతు చీరుకుపోయినట్టు కీచుమంటుంది, చీకట్లో ఆ హార్ట్ షేప్ తెల్లమొహం ఒక్కటే కనపడితే ఎవరైనా మనిషే అనుకుంటారు. ఎలకల్ని తిని పంటని కాపాడే పిట్టని ఈ భయంతో కొట్టి చంపుతారు చూడండి, అది మాత్రం చాలా బాధనిపిస్తుంది.