‘పొన్నియిన్ సెల్వన్’: చదివి చూడడమా, చూసి చదవడమా?

2022 అక్టోబరు 2, ఆదివారం. చిత్తూరులో ఒక సినిమా హాలు, మణిరత్నం తీసిన ‘పొన్నియిన్ సెల్వన్’ మొదటి భాగం. నా ఎడమ పక్క మా పెద్దమ్మ, కుడి పక్క మా తమ్ముడు. సినిమా మొదలై పావుగంట కాకముందే ఇద్దరూ గొణగడం మొదలుపెట్టారు. ఒక్కటే సినిమా, గొణుగుడు మాత్రం వేరు వేరు.

“ఏరి యాడ పోయిందిరా? వీరనారాయణ ఏరి గట్టు మింద గుర్రమెక్కి రావాల్సినోడు ఈ యుద్ధంలో ఏం జేస్తా ఉండాడు?” ఇది పెద్దమ్మ, చెరువును తమిళంలోలా ఏరి అంటుంది.

“అన్నా, ఈయన ఎవరు? ఇందాకటాయనా, ఇంకొకాయనా?” ఇది తమ్ముడు.

పెద్దమ్మకు ఈ సినిమాకి మూలమైన తమిళ నవల, చోళ రాజుల కథ, కంఠతా వచ్చు. తమ్ముడు దాని పేరు కూడా పోస్టర్ మీదే మొదటిసారి చదివాడు. నేను రెండింటికీ మధ్య. కథ గురించి చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నా, ఒక్క పేజీ చదివినవాణ్ణి కాదు. నవల చదివి సినిమాకి పోవాలా, సినిమా చూసి నవల పట్టుకోవాలా అన్న ప్రశ్న నాకు ఆ రెండు కుర్చీల మధ్యే పుట్టింది.

పెద్దమ్మ గుడియాత్తంలో పెరిగింది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. కల్కి కృష్ణమూర్తి ఈ నవలను తన ‘కల్కి’ వారపత్రికలో 1950 నుంచి 1954 దాకా రాశారు. ఇంటింటా ఆ పేజీలు జాగ్రత్తగా విప్పి, వరసగా పేర్చి, బైండు చేయించుకునేవాళ్ళు. మా తాత అలా చేయించిన అయిదు బైండులే పెద్దమ్మకు పుట్టింటి నుంచి వచ్చిన ఆస్తి. అంచులు బూడిద రంగుకి తిరిగి, ముట్టుకుంటే రాలిపోయేలా ఉంటాయి. మణియం వేసిన బొమ్మలు మాత్రం ఇంకా చెక్కు చెదరలేదు. ఆమె మనసులో కథానాయకుడు వందియదేవన్ అంటే ఆ బొమ్మే. కార్తి వచ్చి ఆ గుర్రమెక్కితే ఒప్పుకోవడానికి టైమ్ పట్టదా మరి!

నవల తమిళుల ఆడి నెల పద్దెనిమిదో నాటి సాయంత్రంతో మొదలవుతుంది. ఆడికృత్తికకు కావళ్ళు మోసే మన వైపు వాళ్ళకు ఆడి నెల గురించి వేరే చెప్పక్కర్లేదు. కొత్త నీళ్ళు, చెరువు గట్టు, ఒంటరిగా ఒక కుర్రాడు, నింపాదిగా నడిచే గుర్రం. ఆ తర్వాత దారిలో శైవుడితో వాదం పెట్టుకున్న ఆళ్వార్కడియాన్ నంబి. మణిరత్నం దీన్నంతా పక్కనపెట్టి తోకచుక్కతో, రాష్ట్రకూటులతో యుద్ధంతో మొదలుపెట్టాడు. రెండు వేల పైచిలుకు పేజీలను రెండు భాగాల్లో అయిదున్నర గంటలకు కుదించాల్సినవాడికి చెరువు గట్టు మీద నింపాదిగా కూచునే వీలు లేదు. ఆ సంగతి నాకు తర్వాత అర్థమైంది. పెద్దమ్మకు మాత్రం సినిమా అయ్యేదాకా ఆ చెరువు మీదే ధ్యాస. మణిమేఖల అనే పాత్ర అసలు లేదని గ్రహించేసరికి విశ్రాంతి అయిపోయింది, ఇంకో అరగంట అలక. చోళ రాకుమారి వేషంలో త్రిషను చూసి మాత్రం “కుందవై అంటే ఈ పిల్లే” అంది. జయరాం ఆళ్వార్కడియానుగా వచ్చినప్పుడల్లా నవ్వింది. పక్కా వైష్ణవుడు, పొట్టేసుకుని, నామాలు పెట్టుకుని వాదాలకు దిగితే మా జిల్లాలో నవ్వనివాళ్ళు ఎవరు?

చదివి వచ్చినవాళ్ళకు ఉన్న ఇబ్బంది ఇదే. తెర మీద ఉన్నది చూడరు, లేనిది వెతుకుతారు.

ఇక తమ్ముడి కష్టాలు. డబ్బింగుకి మాటలు తనికెళ్ళ భరణి రాశారు, తెలుగు చక్కగానే ఉంది. పేర్లను మాత్రం ఎవరేం చేయగలరు? పళువేట్టరాయర్లు ఇద్దరు. ఐశ్వర్యారాయ్ రెండు వేషాలు. అరుళ్‌మొళి వర్మన్, పొన్నియిన్ సెల్వన్, ముందు ముందు రాజరాజ చోళుడు, ముగ్గురూ ఒక్కడే. ఇది చాలదన్నట్టు ఆ రోజు హాల్లో ఒక వైపు స్పీకరు గరగరమంటూనే ఉంది, సగం పేర్లు అందులోనే పోయాయి. పైగా మావాడు ‘బాహుబలి’ని బుర్రలో పెట్టుకుని వచ్చాడు. రాజులు, ఏనుగులు, కోటలు కనిపించాయి కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు ఒళ్ళు గగుర్పొడిచే యుద్ధం వస్తుందని కాచుకున్నాడు. ఈ కథలో కత్తుల కంటే గుసగుసలు ఎక్కువ. ఓడ తుపానులో చిక్కుకుని సినిమా ఆగిపోతే “అయిపోయిందా? సగంలోనా?” అని సీట్లోంచి లేవలేదు.

ఆ రోజుల్లో ఇక్కడ చాలామంది తమిళంలో చూద్దామని వేలూరుకి బండ్లేసుకుని పోయారు. ముప్పై అయిదు కిలోమీటర్లు, పెద్ద దూరమేం కాదు. తమిళం చెవికి అలవాటైతే అదే మేలు. లేకపోతే పేర్ల తికమకకు తోడు మాటల తికమక కూడా తయారవుతుంది. దీని మీద ఇంతకంటే చర్చ అనవసరం.

రెండో భాగం 2023 ఏప్రిల్ 28న. మధ్యలో దాదాపు ఏడు నెలలు. ఈ ఏడు నెలల్లోనే నాకు జవాబు దొరికింది. నాకు తమిళం వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. సాయంత్రం దీపం పెట్టాక పెద్దమ్మ చదివేది, నేను పక్కన కూచుని వినేవాణ్ణి. అప్పటికి ముఖాలన్నీ తెలుసు కదా, పేర్లు ఇక భయపెట్టలేదు. చిన్న పళువేట్టరాయర్ అనగానే పార్తిబన్, పెద్దాయన అనగానే శరత్‌కుమార్ కళ్ళ ముందు నిలబడేవాళ్ళు. సినిమా చూడకుండా మొదలుపెట్టి ఉంటే మొదటి సంపుటం సగంలోనే వదిలేసేవాణ్ణి, సందేహం లేదు. క్యాలెండర్ కాగితం వెనక వంశవృక్షం గీసుకున్నాను.

ఆ కాగితం మీద గీతలు లాగుతుంటే ఒక విషయం తట్టింది. ఇదంతా ఎక్కడో తంజావూరు కథ కాదు. అరుళ్‌మొళి ముత్తాత తండ్రి మొదటి ఆదిత్య చోళుడి సమాధి గుడి శ్రీకాళహస్తి దగ్గర తొండమనాడులో ఉంది. చిత్తూరు పక్కన పారే మన నీవా తమిళనాట పొన్నై అవుతుంది. ఆ ఏటి గట్టున మేల్పాడిలో తాత అరింజయుడి పేరిట గుడి కట్టించింది ఈ అరుళ్‌మొళే, రాజరాజు అయ్యాక. తన కూతురికి అక్క పేరే పెట్టి, ఆ కుందవైని వేంగి విమలాదిత్యుడికిచ్చి పెళ్ళి చేశాడు. వాళ్ళ కొడుకు రాజరాజనరేంద్రుడు. నన్నయ చేత భారతం రాయించినవాడు! పోస్టర్ మీద అరుళ్‌మొళి వేషంలో జయం రవిని చూసి “అరవ సినిమా” అని పెదవి విరిచిన మావాళ్ళకు ఇది చెప్తే కాసేపు మాట రాలేదు. ఇలాంటి సంబంధాలు సినిమాలో దొరకవు, తీరిగ్గా చదువుతూ ఉంటేనే మన దారిలోకి వస్తాయి.

రెండో భాగానికి మళ్ళీ అదే ముగ్గురం. ఈసారి గొణిగింది నేను. కడంబూరు కోటలో అరుళ్‌మొళి అన్న ఆదిత్య కరికాలుడు, అతని పాత ప్రేయసి నందిని ఎదురుపడే ఘట్టం ఉందే, దానికోసం నెలల తరబడి ఎదురుచూశాను. విక్రమ్, ఐశ్వర్య ఇద్దరూ ఆ చీకటి గదిలో నిలబడగానే నాకు చేతులు చల్లబడ్డాయి. తమ్ముడికి అంత టెన్షన్ లేదు. చదివినవాడికి దక్కే లాభం అదొకటి, ఒప్పుకోవాలి. కానీ చివరికొచ్చేసరికి సీను మారింది. చోళ సింహాసనం ఎవరికి దక్కుతుందన్న దగ్గర నవలలో ఒక పెద్ద మెలిక ఉంది. సినిమా దాన్ని పూర్తిగా వదిలేసింది. నేనూ పెద్దమ్మా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తమ్ముడు మాత్రం హాయిగా చూసి, “మొదటిదానికంటే ఇదే బాగుంది” అన్నాడు. వాడికి పోయిందేమీ లేదు, ఉందని తెలిస్తే కదా పోయేది!

కాబట్టి నా తీర్పు: పొన్నియిన్ సెల్వన్ విషయంలో ముందు సినిమా, తర్వాత నవల. సినిమా ముఖాలిస్తుంది, దారి చూపిస్తుంది. అసలు మెలికను అది వదిలేసింది కాబట్టి నవలకు అది భద్రంగా మిగిలే ఉంటుంది. తిరగేసి చేస్తే సినిమా నష్టపోతుంది, మీరూ గంటల తరబడి కుములుతారు.

అన్నిటికీ ఇదే లెక్క చెప్పను. ‘కొండపొలం’ తీసుకోండి. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల, 2021లో క్రిష్ సినిమాగా తీశాడు. అందులో పాత్రలు తికమక పెట్టవు. దాని ప్రాణమంతా గొర్రెల కాపర్ల మాటలో, అడవిలో ఒక్కో రోజూ గడిచే తీరులో ఉంది. నవలలో లేని కథానాయికను సినిమా కోసం చేర్చారు. ముందు సినిమా చూస్తే ఆ పాటలు, ఆ ప్రేమ బుర్రలో కూచుని, పుస్తకంలో ఆ పిల్ల ఎప్పుడొస్తుందా అని వెతుకుతూ కూచుంటాం. అక్కడ నవలే ముందు.

మొన్న సంక్రాంతికి తమ్ముడు వచ్చినప్పుడు ఈ మెలిక సంగతి వాడికి చెప్పి ఊరించాను. పెద్దమ్మ పుస్తకం విను, తర్వాత మాట్లాడదాం అన్నాను. వాడు నెల రోజులు నన్ను బతిమాలాడు, నేను నోరు విప్పలేదు. చివరికి పెద్దమ్మకు ఫోన్ చేశాడు. ఆమె పప్పు తాలింపు వేసుకుంటూ రెండు నిమిషాల్లో మొత్తం చెప్పేసింది.