చదరపు బ్రాకెట్ల కోసమే ఈ పుస్తకం: లాక్టర్ మొదటి సంపుటితో తొమ్మిదేళ్లు

ఇంగ్లండ్‌లో ఏ-లెవెల్ (యూనివర్సిటీకి ముందు రెండేళ్ల చదువు) పిల్లలకు గ్రీకు చరిత్ర చెబుతున్నాను. క్రీ.పూ. 492 నుంచి 404 దాకా అందరూ చదవాల్సిన భాగం. ఈ పాఠం చెప్పేవాళ్లకు ఏథెన్స్ సామ్రాజ్యం మీద లాక్టర్ అనే పుస్తకాల వరసలో వచ్చిన మూలాధారాల సంపుటిని (అప్పటి రచనలకు, శాసనాలకు ఇంగ్లీషు అనువాదాలు) పరిచయం చెయ్యక్కర్లేదు, అందుకని అందులో ఏమేం ఉన్నాయో రాయడం లేదు. నా దగ్గరున్నది రాబిన్ ఆస్బోర్న్ సిద్ధం చేసిన నాలుగో కూర్పు. దీనిమీద నాకున్న ఇష్టమంతా ఒక చిన్న గుర్తు వల్ల వచ్చింది. అదే చదరపు బ్రాకెట్.

శాసనం చెక్కిన రాయి విరిగి అక్షరాలు పోయినచోట పండితులు ఊహించి పూరించిన మాటల్ని అందులో పెడతారు. మొదటి రెండేళ్లు నేనది పట్టించుకోలేదు. అప్పట్లో ఈ పుస్తకం నా బల్ల మీద మాత్రమే ఉండేది. పిల్లలకిచ్చేది మాత్రం నాకంటే ముందు ఎవరో ఈ శాసనాల అనువాదాలు టైపు చేసి బీరువాలో పెట్టిన కాగితాలు. సాఫీగా చదువుకోవడానికని కాబోలు, వాటిలో బ్రాకెట్లన్నీ తీసేశారు. అవే జిరాక్సు తీసి పంచాను. "425లో ఏథెన్స్ మిత్రరాజ్యాల కప్పాన్ని 1,460 తలాంతులకు పెంచింది" అని పిల్లలు ఖాయంగా రాస్తే పక్కన టిక్కు పెట్టాను (తలాంతు అంటే అప్పటి వెండి తూకం). అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మూడో ఏడు ఒకమ్మాయి లైబ్రరీ నుంచి ఈ పుస్తకం తెచ్చుకుని నా కాగితం పక్కన పెట్టుకుంది. "మిస్, పుస్తకంలో ఇక్కడ బ్రాకెట్లు ఉన్నాయి, మీ కాగితంలో లేవు. ఎందుకు?" అని అడిగింది. ఆ రోజు చెప్పాల్సిన పాఠం ఆపేశాను. ఆ పేజీనే జిరాక్సు తీయించి అందరికీ ఇచ్చి, బ్రాకెట్లలో ఉన్నదంతా పెన్సిల్‌తో కొట్టేసి మిగిలింది పైకి చదవమన్నాను. అరగంట ముందు గడగడా చదివిన శాసనమే. ఇప్పుడు ఒక మాట, ఒక ఖాళీ, రెండు మాటలు, మళ్లీ ఖాళీ. మూడో వరుసకొచ్చేసరికి చదువుతున్న కుర్రాడు ఆగిపోయి నావైపు చూశాడు.

అప్పుడు బోర్డు మీద ఆ 425 శాసనం చివర ఉన్న మొత్తాన్ని గ్రీకు అంకెల్లో రాశాను. నలభైకి పైగా ముక్కలుగా దొరికిన రాయి అది. మొత్తంలో మొదటి అంకె పోయింది, దాని తర్వాత 'వంద' గుర్తులు నాలుగు, ఇంకొన్ని చిన్న అంకెలు మిగిలాయి. పోయినది వెయ్యి గుర్తయితే లెక్క 1,460 తలాంతులు దాటుతుంది. అయిదు వందల గుర్తయితే 960 దాటుతుంది. రెండూ అక్కడ ఇముడుతాయి. ఎక్కువమంది పండితులు పెద్ద లెక్కవైపు ఉన్నారు, కానీ రాయి మీద మాత్రం అక్కడ ఏమీ లేదు. స్పార్టాతో యుద్ధం మొదలైనప్పుడు మిత్రుల నుంచి ఏడాదికి దాదాపు 600 తలాంతులు వచ్చేవని ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ నోట, ఆ యుద్ధ చరిత్ర రాసిన థుసిడిడీస్ చెప్పిస్తాడు. మరి ఆరేళ్లకు అది రెండింతలు దాటిందా, ఒకటిన్నర రెట్లు అయిందా? పైలోస్‌లో స్పార్టా మీద గెలిచాక, ఏథెన్స్‌లో క్లియోన్ అనే నాయకుడి మాట చెల్లుతున్న రోజులవి. అతని మీద తీర్పంతా ఒక విరిగిన అంకె మీద ఆధారపడి ఉందని పదిహేడేళ్ల పిల్లలు తమంతట తాము పట్టుకున్నారు. పైగా ఈ పెంపు సంగతి థుసిడిడీస్ ఎత్తనే లేదు. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

తర్వాతి వారం వచ్చిన వ్యాసాల్లో "రాయి మీద మిగిలినంతవరకు" అన్న మాట కనబడింది. నేను నేర్పిన మాట కాదది.

నాకు వెంటనే గుర్తొచ్చింది మన కలమళ్ల శాసనం. క్రీ.శ. 575 ప్రాంతపు తొలి తెలుగు శాసనమని ఎం.ఏ.లో బట్టీ పట్టాను. దాని మొదటి వరుస పోయిందని, అందులోని రాజు పేరు ముందుండే 'ఎరికల్'లో 'ఎరి' పూరించిందేనని, రాయి మీద సంవత్సరం లేదని, లిపిని చూసి కాలం కట్టారని అప్పుడు నాకెవరూ చెప్పలేదు. లిపిని చూసి కాలం కట్టడంలో ఎంత తేడా రావచ్చో చెప్పడానికి సిసిలీలోని ఎగెస్టా నగరంతో ఏథెన్స్ చేసుకున్న ఒప్పందం కథ చెబుతాను. సిగ్మా అనే గ్రీకు అక్షరానికి మూడు గీతలుంటే ఆ శాసనం క్రీ.పూ. 440లకు ముందుదని చాలాకాలం నమ్మారు. ఆ లెక్కన ఆ ఒప్పందాన్ని 450ల్లో పెట్టారు. 1990లో లేజరు వెలుగులో రాయిని మళ్లీ చదివి, దాన్ని 418కి తెచ్చారు.

ఈ ఒక్క పుస్తకం చేతిలో ఉంటే చాలని ఆ రోజుల్లో తోటి టీచర్లకు చెప్పేదాన్ని. ఇప్పుడు అలా చెప్పను. ఏ మూలాధారాల సంపుటిలోనైనా థుసిడిడీస్ ముక్కలుగానే దొరుకుతాడు. తిరగబడిన మిటిలీన్ నగరాన్ని ఏం చెయ్యాలని క్లియోన్, డియోడోటస్ వాదించుకున్నది మొదటి నుంచి చివరిదాకా ఒకే బిగిన చదవాలి, దానికి అసలు పుస్తకం వేరే ఉండాల్సిందే. బ్రాకెట్ల పాఠం పరీక్షలో విడిగా మార్కులు తెచ్చిపెట్టే రకమూ కాదు. చదవడమే భారంగా ఉన్న పిల్లలు ఖాళీలు చూసి బెదిరిపోతారు. ఒక ఏడు ఇద్దరు అలా వెనకబడితే విడిగా కూర్చోబెట్టి మళ్లీ చెప్పాను.

నా క్లాసులో ఉండేది తొమ్మిది పదిమందే. తలా ఒక ప్రతి కొనేందుకు స్కూలు డబ్బు ఇస్తోంది. ముప్ఫైమంది ఉండి, వారానికి రెండే పీరియడ్లయితే నేనూ ఒకే శాసనంతో సరిపెట్టేదాన్ని, అప్పుడు కూడా అది 425దే అయ్యేది.

బీరువాలోని పాత కాగితాలు పారెయ్యలేదు. ఏటా మొదటి వారం అవే పంచి చదివిస్తాను. రెండో వారం పుస్తకాలు చేతికిచ్చి, పక్కపక్కన పెట్టి చూడమంటాను.