లోయర్ సర్క్యూట్‌లో ఇరుక్కున్న నా 1,500 షేర్లు: తిరుపతి, చిత్తూరు మిత్రులకు ఒక జాగ్రత్త

టెలిగ్రామ్ గ్రూపుల్లో వచ్చే టిప్పులు చూసి చిన్న కంపెనీల షేర్లు కొనే మన ఊరి వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. 96,000 పెట్టాను, 60,000 చేతికొచ్చింది. అది కూడా పన్నెండు ట్రేడింగ్ రోజులు అల్లాడాక.

లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగుతుంటే మా ఫ్రెండ్ ఫోన్ చూపించాడు. "మచ్చా, నలభై రెండులో ఉన్నింది, ఇప్పుడు అరవై దాటింది. నూట యాభై ఖాయమంట." బీఎస్ఈలో (బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజ్) మాత్రమే లిస్టయిన చిన్న కంపెనీ. పేరు రాయను. తప్పు కంపెనీదో, వెనకుండి ఆడించినవాళ్లదో నా దగ్గర రుజువు లేదు. అప్పటిదాకా వరసగా అప్పర్ సర్క్యూట్లు (ఒక రోజులో ధర పెరగనిచ్చే హద్దు; దిగనిచ్చే హద్దు లోయర్ సర్క్యూట్), కొందామన్నా దొరకని షేరు. అలాంటిది ఒక్క పూటలో, సగటున 64 చొప్పున, 1,500 షేర్లు నాకు హాయిగా దొరికేశాయి. నా అదృష్టం అనుకున్నాను. అంత సులువుగా నాకెవరు అమ్ముతున్నారు అని ఆ రోజే నన్ను నేను అడగాల్సింది.

అంతకుముందు నెలంతా ఆ షేరు రోజుకి రెండు మూడు వేలకి మించి చేతులు మారలేదు. ఆ అంకె యాప్‌లో కనబడుతూనే ఉంది, నేనే చూడలేదు. అంటే నా ఒక్కడి సరుకే మామూలు రోజు వ్యాపారంలో సగం. నేను అమ్మాలంటే ఆ రోజు కొనడానికి వచ్చినవాళ్లలో సగం మంది నా కోసమే రావాలి!

71 దాకా వెళ్లింది. తర్వాతి సోమవారం పొద్దున 9:15కి ఫోన్ తీస్తే 67.45. లోయర్ సర్క్యూట్, ఐదు శాతం కింద లాక్. కొనేవాళ్ల వైపు ఐదు వరసల్లోనూ సున్నాలు. అమ్మేవాళ్ల వైపు ఒకటే ధర, దాని పక్కన 3,12,000 షేర్లు. నేనూ అమ్మకానికి పెట్టాను. మా షాపులో జిరాక్స్ తీస్తూ పది నిమిషాలకోసారి ఫోన్ చూడటమే పని. ఆ టెన్షన్‌లో ఒకాయన ఆధార్‌కి రెండు కాపీలూ ముందు వైపే తీసిచ్చేశాను. ఆయన సచివాలయం దాకా పోయి తిరిగొచ్చి తిట్టాడు.

ఒకే ధరకి అందరూ అమ్ముతున్నప్పుడు ముందు పెట్టినవాడి ఆర్డరే ముందు తెగుతుంది, అంటే అమ్ముడవుతుంది. తోతాపురి సీజన్‌లో పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లు నిలబడటం చూసినవాళ్లకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. 2025లో మా బావ బంగారుపాళ్యం వైపు రెండు రాత్రులు ట్రాక్టర్ మీదే పడుకున్నాడు. ధర ఇంత అని అందరూ చెప్తూనే ఉన్నారు, గేటు మాత్రం తెరవలేదు. కాయ మగ్గిపోతూనే ఉంది. నా షేర్ల సంగతీ అంతే. పోర్ట్‌ఫోలియోలో కనిపించే ధరకి తీసుకునేవాడు ఒక్కడూ లేడు. స్టాప్‌లాస్ (ఇంత ధరకి దిగితే అమ్మేయమని ముందే పెట్టుకునే ఆర్డర్) ఉందిలే అనే ధైర్యం కూడా ఆ రోజే పోయింది. అది మన ఆర్డర్‌ని వరసలోకి తోస్తుందే తప్ప కొనేవాణ్ణి పిలుచుకురాదు.

ఐదో రోజుకి 55 దగ్గరికి దిగింది. మధ్యలో ఒక రోజు నావి 40 షేర్లు తెగాయి, అంతే. ఇంతలో ఎక్స్ఛేంజ్ దాన్ని ట్రేడ్ టు ట్రేడ్‌లోకి మార్చింది. అందులో కొన్నదాన్ని అదే రోజు అమ్మే వీల్లేదు కాబట్టి ఇంట్రాడే వాళ్లు కూడా మాయమయ్యారు. గ్రూపులో మాత్రం ఒకటే పాట: "చిన్నవాళ్లని భయపెట్టి లాక్కుంటున్నారు, వదలకండి, ఇంకా కొనండి." మా ఫ్రెండ్ నమ్మి 55లో ఇంకో 500 కొన్నాడు. వాళ్లావిడకి ఇప్పటికీ చెప్పలేదు. పన్నెండో రోజు సర్క్యూట్ కాసేపు తెరుచుకుంటే నేను మిగతావి వదిలించుకున్నాను.

కాలిన తర్వాత తెలిసిన సంగతి ఇది. కంపెనీ మొత్తం షేర్లలో అర శాతం దాటి ఒకే రోజు ఎవరు కొన్నా, అమ్మినా ఆ సాయంత్రమే బల్క్ డీల్ కింద పేరుతో సహా ఎక్స్ఛేంజ్ సైట్లో పెడతారు. వెళ్లి చూస్తే నేను కొన్న వారంలోనే రెండు పెద్ద అమ్మకాలు. "కొనండి కొనండి" అని గ్రూపు అరుస్తున్న రోజులవే. ఇంకా నిదానంగా చూసుకునేవాళ్లకి షేర్ హోల్డింగ్ పట్టిక (ఎవరి చేతిలో ఎన్ని షేర్లున్నాయో చెప్పేది) ఉంది, క్వార్టర్ ముగిసిన 21 రోజుల్లోపు వస్తుంది. ప్రమోటర్ (కంపెనీని నడిపే అసలు యజమాని) వాటా తగ్గిందా, ఒక శాతం దాటిన పేర్లలో ఎవరైనా జారుకున్నారా అన్నది అందులో తెలుస్తుంది.

సలహాలిచ్చే అడ్మిన్‌కి సెబీ (షేర్ మార్కెట్‌ని నియంత్రించే సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందా అని కూడా అడగండి. రీసెర్చ్ అనలిస్ట్ అయితే నంబర్ ఐఎన్‌హెచ్ (INH) తో మొదలవుతుంది, సెబీ సైట్లో సరిచూసుకోవచ్చు. నేను అడిగిన నిమిషంలోనే నన్ను గ్రూపులోంచి తీసేశారు. ఒకరకంగా అదే జవాబు.

ఇప్పుడు నేను ఏ షేరైనా మామూలు రోజు చేతులు మారే దాంట్లో ఇరవయ్యో వంతుకి మించి కొనను. లెక్క ఎక్కడి నుంచి తెచ్చావంటే చెప్పలేను, నా భయానికి అది సరిపోయింది.

ఆ గ్రూపు పేరు మార్చుకుని ఇంకా నడుస్తోంది. మా ఫ్రెండ్ అందులోనే ఉన్నాడు. మొన్న కొత్త షేరు ఒకటి పెట్టారంట, "ఈసారి కొంచెమే పెడతా మచ్చా" అంటున్నాడు. ఆ షేరు నిన్న రోజంతా కలిపి చేతులు మారింది 1,900.