చిన్న కారులో మ్యాప్, పాట, ఫోన్: కొన్నేళ్లు వాడాక నా మాట

చిన్న కారుకి స్టీరియో మార్చాలనుకునేవాళ్లు మొదట తెర ఎన్ని అంగుళాలని అడుగుతారు, తర్వాత ఎన్ని వాట్లని అడుగుతారు. ఫోన్ కాల్స్‌లో మన మాట అందుకునే మైక్ ఎక్కడ పెడతారని అడిగేవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. ఇన్నేళ్లు వాడిన మీదట నేనైతే ముందు మైక్, తర్వాత వాల్యూమ్ నాబ్, ఆ తర్వాతే తెర చూసుకోమంటాను.

మా కారుతో పాటు వచ్చింది బ్లూటూత్ లేని సింగిల్ డిన్ (తక్కువ ఎత్తు సైజు) స్టీరియో. కొంతకాలం లైటర్ సాకెట్‌లో గుచ్చే, ఫోన్ పాటని కారు రేడియోకి పంపే ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్‌తో నెట్టుకొచ్చాను. 87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్యలో ఖాళీగా ఉన్న చోటు వెతికి పెట్టుకుంటే పాట వినిపిస్తుంది. ఊరు దాటగానే అదే చోట ఇంకో స్టేషన్ దూరుతుంది, మళ్లీ వెతుకులాట. పాటల సంగతి ఎలా ఉన్నా కాల్స్‌కి మాత్రం అది పనికిరాదు. దాని మైక్ గేర్ రాడ్ పక్కన, నోటికి దూరంగా ఉంటుంది. అవతలివాళ్లకి మన మాటకంటే టైర్ల రొదే బాగా వినపడుతుంది. ఫోన్‌ని స్టీరియోకి నేరుగా కలిపే ఆక్స్ వైరు దీనికంటే మేలే కానీ, ఫోన్‌ని అదే కారులో ఛార్జింగ్‌కి పెడితే స్పీకర్లలో సన్నటి కూత మొదలవుతుంది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ అది పెరుగుతుంది. వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అనే చిన్న బిళ్ల పెడితే పోతుంది.

తర్వాత పెట్టించిందే ఇప్పుడున్న డబుల్ డిన్ యూనిట్. కొనేముందు డాష్‌బోర్డ్‌లో ఖాళీ కొలుచుకోవాలి. సింగిల్ డిన్ అంటే సుమారు 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు. డబుల్ డిన్‌కి వెడల్పు అదే, ఎత్తు రెట్టింపు. సింగిల్ డిన్ ఖాళీలోనే పట్టి, పైకి పెద్ద తెర తేలినట్టుండే రకాలు కూడా ఉన్నాయి. చూడ్డానికి బాగుంటాయి కానీ చిన్న కారులో అవి ఏసీ వెంట్‌కో హజార్డ్ లైట్ల స్విచ్‌కో అడ్డొస్తాయేమో ముందే చూసుకోండి.

అసలు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: మ్యాపులు, యాప్‌లు యూనిట్‌లోనే ఉండాలా, ఫోన్‌లో ఉండి తెర మీద కనపడితే చాలా? నేను రెండోదే ఎంచుకున్నాను. ఫోన్‌లోని మ్యాపుల్నీ పాటల్నీ కారు తెర మీదకి తెచ్చే ఆండ్రాయిడ్ ఆటో, యాపిల్ కార్‌ప్లే రెండూ పనిచేసే యూనిట్ ఇది, సొంత యాప్‌లు ఏమీ లేవు. మా బావమరిది మొదటి రకం తీసుకున్నాడు. లోపల పూర్తి ఆండ్రాయిడ్, తక్కువ ర్యామ్. మొదట్లో నా దానికంటే అదే గొప్పగా అనిపించేది. ఇప్పుడు అది తెరుచుకుని, మా బావమరిది ఫోన్ హాట్‌స్పాట్ పట్టుకుని, మ్యాప్ చూపించేసరికి మేం వీధి చివర దాటేసి ఉంటాం. ఫోన్ ఎలాగూ కొన్నేళ్లకోసారి మారుస్తాం, దాంతో పాటే మ్యాపులూ యాప్‌లూ కొత్తవవుతాయి. డాష్‌బోర్డ్‌లో బిగించినదాన్ని అలా మార్చలేం కదా.

నావిగేషన్‌లో నాకు దక్కిన పెద్ద సుఖం ఏమిటంటే ఫోన్‌ని ఎండ నుంచి తప్పించడం. అద్దం దగ్గర హోల్డర్‌లో పెట్టిన ఫోన్ ఎండాకాలంలో వేడెక్కి వెలుగు తగ్గించుకునేది, ఛార్జింగ్ ఆపేసేది. ఐఫోన్ వాడదగిన పరిసర ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలని యాపిల్ కంపెనీయే చెబుతుంది. ఎండలో అద్దం వెనక వేడి దానికంటే చాలా ఎక్కువ. ఇప్పుడు ఫోన్ గేర్ రాడ్ దగ్గర నీడలో పడి ఉంటుంది.

దారి విషయంలో మాత్రం ఏ తెర పెట్టినా జీపీఎస్ హద్దులు జీపీఎస్‌వే. పైన ఏ అడ్డూ లేనిచోట కూడా ఫోన్ చూపించే చోటు కొన్ని మీటర్లు అటూఇటూ అవుతుంది. ఎత్తు లెక్క ఇంకా కచ్చితం తక్కువ. అందుకే మనం ఫ్లైఓవర్ ఎక్కామా, కింద సర్వీస్ రోడ్డులోనే ఉన్నామా అన్నది దానికి ఒక్కోసారి అర్థం కాదు. అలాంటి చోట తెరని నమ్మకుండా బోర్డు చదవడమే నయం. అద్దాలకి లోహపు పూత ఉన్న ఫిల్మ్ వేయిస్తే సిగ్నల్ ఇంకా తగ్గొచ్చు. దూరం వెళ్లేముందు గూగుల్ మ్యాప్స్‌లో ఆ ప్రాంతం ఆఫ్‌లైన్‌కి దించుకుంటాను. నెట్ లేకపోయినా దారి చెబుతుంది, ట్రాఫిక్ మాత్రం చెప్పదు.

ఇక మైక్. చాలా యూనిట్లకి ముఖం మీదే చిన్న రంధ్రంలో మైక్ ఉంటుంది. దాని పక్కనే ఏసీ వెంట్. ఫ్యాన్ పెంచితే అవతలివాళ్లకి గాలివాన వినిపిస్తుంది. వెనకాల విడి మైక్‌కి సాకెట్ ఉన్న యూనిట్ తీసుకుని, వైరుని అద్దం పక్క పిల్లర్ లోపలి నుంచి పైకి లాగించి, మైక్‌ని సన్ వైజర్ దగ్గర పెట్టించాను. ఈ మొత్తం ఖర్చులో అతి తక్కువైనది ఇదే, ఎక్కువ తేడా వచ్చిందీ దీంతోనే. బిగించాక షాపులోంచి కదలకముందే ఒక పని చేయండి. ఇంజిన్ వేసి, ఫ్యాన్ ఫుల్‌గా పెట్టి, ఒకరిని కారులో కూర్చోబెట్టి, మీరు బయట నిలబడి ఫోన్‌లో వాళ్ల మాట వినండి. ఎంతసేపూ మనకి వినపడేది చూసుకుంటాం కానీ, హ్యాండ్స్‌ఫ్రీ బాధ పడేది అవతలివాళ్లు.

పాత యూనిట్లలో తెలుగు లిపిలో సేవ్ చేసుకున్న పేర్లు గళ్లుగళ్లుగా కనపడతాయి, అది కూడా అక్కడే చూసుకోవాలి. రెండు ఫోన్లు జత చేసి ఉంచితే ఇంకో తమాషా. ఇంటి ముందు కారు స్టార్ట్ చేయగానే ఇంట్లో ఉన్న మా ఆవిడ ఫోన్ కారుకి తగులుకుంది, వాళ్లమ్మతో మాట్లాడుతున్న కాల్ నా స్పీకర్లలో మోగింది. నా గురించే. ఆ తర్వాత నా ఫోన్‌కే ముందు కలిసేలా సెట్ చేశాను.

చేతులు ఖాళీగా ఉన్నంత మాత్రాన బుర్ర ఖాళీగా ఉండదు. యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్ట్రేయర్ బృందం సిమ్యులేటర్‌లో చేసిన పరిశోధనల్లో ఫోన్ చేత్తో పట్టుకున్నా, హ్యాండ్స్‌ఫ్రీలో మాట్లాడినా ధ్యాస మళ్లడం ఒకేలా కనిపించింది. అందుకే హ్యాండ్స్‌ఫ్రీని నేను డ్రైవింగ్‌లో ఉన్నానని చెప్పి కాల్ పెట్టేయడానికే ఎక్కువగా వాడతాను.

పాటల గురించి చెప్పాల్సింది తక్కువే. డబ్బా మీద నాలుగు ఇంటూ యాభై వాట్లని రాసి ఉన్నా నిలకడగా వచ్చేది ఒక్కో స్పీకర్‌కి అందులో సగం కూడా ఉండదు. చిన్న కారుకి అదే చాలు. పల్చటి తలుపుల లోపల అదురు తగ్గించే డ్యాంపింగ్ షీట్ వేయించి, ముందు స్పీకర్లు రెండూ మంచివి పెట్టిస్తే యాంప్లిఫైయర్ ఊసే అక్కర్లేదనిపించింది. బ్లూటూత్‌లో వింటే క్వాలిటీ తగ్గుతుందంటారు. కదులుతున్న చిన్న కారు రొదలో ఆ తేడా పట్టగలిగినవాళ్ల చెవులకి దండం పెట్టాలి. తిప్పే నాబ్ మాత్రం ఉండి తీరాలి. తెర మీద గీత జరిపి సౌండ్ తగ్గించాలంటే రోడ్డు మీంచి కళ్లు తీయాల్సిందే.

బిగింపులో నేను పడ్డ తిప్పలు ఇంకొకటి. యూనిట్‌కి సాధారణంగా పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండేది, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది. బిగించినతను రెండూ కలిపి ఎప్పుడూ కరెంటు ఉండేదానికే ఇచ్చేశాడు. తాళం తీసినా యూనిట్ లోలోపల మేలుకునే ఉండి, కారు కొన్నాళ్లు కదలకపోయేసరికి బ్యాటరీ పడుకుంది. కారు వైర్లు కోయకుండా దానికి సరిపోయే కప్లర్ (గుచ్చే కనెక్టర్)తోనే బిగించమని పట్టుబట్టండి. హెడ్‌లైట్ల వైరు కూడా కలిపించండి, లేదంటే రాత్రిళ్లు తెర మీద వెలుగు తగ్గదు.

ఫోన్‌ని వైరు లేకుండా తెరకి కలిపే వైర్‌లెస్ అడాప్టర్ కూడా వాడి చూశాను. మొదట బ్లూటూత్‌తో పలకరించుకుని, తర్వాత వైఫైలో నడుస్తుంది. ఫోన్ వేడెక్కుతుంది, ఛార్జ్ కరుగుతుంది. దగ్గర్లో పనికి వెళ్తే అది, దూరం వెళ్తే వైరు. ఆ వైరు మీటరు లోపు ఉండాలి, ఛార్జింగ్‌కే కాక డేటాకీ పనికొచ్చేది కావాలి. మధ్యమధ్యలో మ్యాప్ ఆరిపోతుంటే యూనిట్‌ని తిట్టుకునేముందు కేబుల్ మార్చి చూడండి. నా విషయంలో చాలాసార్లు తప్పు దానిదే.