గుర్రం ఈనేది సొంత షెడ్‌లోనా, స్టడ్ ఫామ్‌లోనా: ఏది మేలు?

బెంగళూరు చుట్టూ దేవనహళ్ళి, దొడ్డబళ్ళాపుర, కనకపుర వైపు ఎకరమో రెండెకరాలో కొని, షెడ్ వేసుకుని, రెండు గుర్రాలు పెట్టుకున్న మన తెలుగువాళ్ళు ఇప్పుడు కాస్త ఎక్కువే కనిపిస్తున్నారు. ఆ రెండిట్లో ఒకటి ఆడదైతే ఎప్పుడో ఒకప్పుడు "ఒక పిల్లను తీద్దాం" అనే ముచ్చట పుడుతుంది. దాటించడం, స్కాన్ చేయించడం, చూడి నిలిచిందని స్వీట్లు పంచడం వరకూ అంతా హుషారే. ఎక్కడ ఈనించాలి అన్న సంగతి మాత్రం పదో నెల వచ్చేదాకా ఎవరికీ గుర్తు రాదు, అప్పుడు మొదలవుతుంది టెన్షన్.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. గుర్రానికి అది తొలి ఈత అయినా, మీకు అది తొలి అనుభవం అయినా స్టడ్ ఫామ్‌కే, అంటే గుర్రాలను దాటించి, ఈనించి, పిల్లల్ని పెంచే చోటుకే పంపండి, అదీ నెలన్నర ముందే. గుర్రం ఇదివరకే రెండు మూడు సార్లు సుఖంగా ఈనినదై, రాత్రిళ్ళు లాయం పక్కనే పడుకునే తెలిసిన మనిషి ఉండి, గుర్రాలు చూసే డాక్టరు దగ్గర్లో ఉంటే సొంత షెడ్డే మేలు. చివరి వారంలో హడావిడిగా ట్రక్కు ఎక్కించడం ఈ రెండిటికన్నా చెడ్డది, కానీ ఎక్కువ మంది చేసేది అదే.

హిందూపురం, బాగేపల్లి నుంచి వచ్చి ఇక్కడ డెయిరీ పెట్టుకున్నవాళ్ళు ఒక మాట అంటుంటారు: "ఎన్ని ఆవులు ఈనలేదన్నా మన చేతుల మీద, గుర్రం ఏమన్నా వేరేనా?" వేరే. ఆవు ఈనడానికి గంటలు తీసుకుంటుంది, సాయంత్రం మొదలైతే మీరు భోంచేసి వచ్చి చూసినా కొంప మునగదు. గుర్రానికి ఉమ్మనీరు పోయిందంటే అక్కడి నుంచి ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట, ఆలోపు పిల్ల బయటపడాలి, పడకపోతే పిల్ల ప్రాణం మీదికి వచ్చినట్టే, తల్లికీ ప్రమాదమే. పైగా చాలా గుర్రాలు రాత్రి మనుషుల అలికిడి తగ్గాకే ఈనుతాయి. హెబ్బాళ్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది కదా అని ధైర్యంగా ఉంటారు కొందరు. అక్కడి నుంచి ఎవరైనా వెంటనే బయల్దేరినా ఫ్లైఓవర్ దిగేలోపే జరగాల్సింది జరిగిపోతుంది. అందుకే డాక్టరు ఎంత దూరంలో ఉన్నాడన్నది రెండో ప్రశ్న. ఆ అరగంటలో లాయంలో ఎవరి చేతులు ఉన్నాయన్నది మొదటిది.

ఆ చేతులకు ఏం తెలియాలో చూడండి. మామూలుగా మొదట కనిపించేది తెల్లటి, కాస్త నీలం ఛాయ ఉన్న పలచని పొర, అందులో ముందరికాళ్ళు రెండు, ఒకటి కాస్త ముందుకీ ఒకటి కాస్త వెనక్కీ, వాటి మీద ముక్కు. అలా ఉంటే ఏమీ చెయ్యకుండా దూరంగా నిలబడాలి. తెల్లపొర బదులు ఎర్రగా, ముఖమల్ గుడ్డలా ఉన్న సంచి బయటికొస్తే మాత్రం మాయ ముందే విడిపోయిందన్నమాట, లోపల పిల్లకు ఆక్సిజన్ అందట్లేదు. వెంటనే కత్తెరతో ఆ సంచి కోసి పిల్లను బయటికి లాగాలి, డాక్టరుకు ఫోన్ ఆ తర్వాతే. స్టడ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసిన సయీసు, అంటే గుర్రాలను చూసుకునే మనిషి, ఇది ఆలోచించకుండా చేసేస్తాడు. మనం వీడియోలో ఎన్నిసార్లు చూసినా రాత్రి రెండింటికి చేతిలో కత్తెర పట్టుకుని "కొయ్యొచ్చా, కూడదా" అని నిలబడిపోతాం. నన్నడిగితే స్టడ్‌కు కట్టే డబ్బులో సగం ఈ ఒక్క పనికే అనుకోవచ్చు.

కెమెరా పెట్టాం కదా అంటారు. పెట్టండి, మంచిదే, ఇన్వర్టర్ కనెక్షన్ కూడా ఇవ్వండి, ఎందుకంటే కరెంటు సరిగ్గా ఆ రాత్రే పోతుంది. గుర్రం పూర్తిగా పక్కకు పడుకోగానే మోగే అలారాలు కూడా ఉన్నాయి. కానీ వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్‌లో మంచం మీద నుంచి దొడ్డబళ్ళాపుర షెడ్‌లో జరిగేది చూడగలరు, అంతే. కెమెరా షెడ్ పక్క గదిలో పడుకున్న మనిషి కోసం, ఊళ్ళో ఉన్న ఓనరు కోసం కాదు. అంతకన్నా చవకగా పనికొచ్చేది పాల పరీక్ష: చివరి రోజుల్లో చన్నుల కొసల్లో తేనెరంగు మైనం బొట్లు కనపడ్డాక రోజూ సాయంత్రం రెండు చుక్కలు పిండి పీహెచ్ స్ట్రిప్ మీద వేస్తే, ఏడు పైన ఉండే అంకె 6.4కి దిగిందంటే చాలా గుర్రాలు ఆ రోజో మర్నాడో ఈనేస్తాయి. తొలి ఈత గుర్రాలు మాత్రం ఈ లెక్కలకు లొంగవు, కొన్నిటికి పొదుగు దాదాపు ఈనేరోజుకు గానీ దిగదు.

సరే, పిల్ల పడింది. ఇక్కడి నుంచి తెలిసినవాళ్ళు 1-2-3 లెక్క చెప్తారు: గంటలో లేవాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో మాయ పడాలి. ఇందులో మొదటిదానికి మనం చేసే సాయం చాలావరకు అక్కర్లేని సాయమే. తల్లీ పిల్లా అలాగే కాసేపు పడుకుని ఉంటే బొడ్డుతాడు దానంతట అదే తెగుతుంది, కత్తిరించకూడదు. తెగాక పలచని క్లోర్‌హెక్సిడిన్‌లో బొడ్డు ముంచాలి, మొదటి రోజు మళ్ళీ రెండు మూడు సార్లు. ఘాటు టింక్చర్ అయోడిన్ పోస్తే చర్మం కాలుతుంది. కింద పరుపు వరిగడ్డి అయితే హాయి. రంపపు పొట్టు తడి పిల్లకూ బొడ్డుకూ అంటుకుని చిరాకు పెడుతుంది, సొంత షెడ్లలో చవక అని అదే వేస్తుంటారు. డెక్కల కింద పసుపు తెలుపు కలిసిన మెత్తటి పీచులు వేలాడుతుంటే కంగారు పడొద్దు, కడుపులో తల్లికి గీరుకోకుండా ఉండే ఏర్పాటు అది, నడిచేకొద్దీ రాలిపోతుంది.

ఇక పాలు తాగడం. అసలు తేడా కనిపించేది ఇక్కడే. లేచిన పిల్ల పొదుగు తిన్నగా వెతుక్కోదు, తల్లి రొమ్ము కింద, మోచేతి దగ్గర, గోడకి, బకెట్‌కి, దేనికి పడితే దానికి మూతి పెడుతుంది. కొత్త ఓనరు దూరం నుంచి చూసి "తాగుతోంది, తాగుతోంది" అని గ్రూపులో ఫొటో పెట్టేస్తాడు. ఆ ఫొటోలోనే పిల్ల నుదుటి మీద, ముక్కు మీద పాలు ఆరి అట్టకట్టి ఉంటాయి. మురిసిపోవాల్సిన గుర్తు కాదది, పిల్ల పొదుగు కింద నిలబడుతోంది గానీ పట్టట్లేదు, పాలు మొహం మీద కారుతున్నాయని అర్థం. దగ్గరికెళ్ళి గుటక వినిపిస్తుందో లేదో చూడాలి, తల్లి పొదుగు ముట్టి చూడాలి, పిల్ల తాగితే మెత్తబడుతుంది, తాగకపోతే గట్టిగా బిగుసుకుని ఉంటుంది. స్టడ్ సయీసు లోపలికొస్తూనే చెయ్యి ముందు పొదుగు మీద వేస్తాడు, గమనించండి.

ఎందుకింత పట్టింపు అంటే, గుర్రంలో మాయ గుండా రోగనిరోధక శక్తి పిల్లకు చేరదు. మనుషుల్లో కడుపులో ఉండగానే కొంత వస్తుంది, గుర్రప్పిల్లకు వచ్చేదంతా ముర్రుపాలలోనే. 45-50 కిలోల పిల్లకు లీటరు నుంచి లీటరున్నర దాకా మొదటి ఆరు గంటల్లో లోపలికి పోవాలి. పేగు ఆ యాంటీబాడీలను పీల్చుకునే శక్తి పన్నెండు గంటలకు బాగా తగ్గిపోతుంది, ఇరవై నాలుగు గంటలకు దాదాపు మూసుకుపోతుంది. పొద్దున్నే ఎనిమిదికి వచ్చి చూసి, పిల్ల నీరసంగా ఉందని పదింటికి డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన మధ్యాహ్నం వస్తే ఏం మిగిలింది చెప్పండి.

ముర్రుపాలు చిక్కగా ఉన్నాయా లేదా అని చూడ్డానికి స్టడ్‌లో బ్రిక్స్ మీటర్ ఉంటుంది. అదేదో పెద్ద వస్తువనుకోకండి, దేవనహళ్ళి, చిక్కబళ్ళాపుర వైపు ద్రాక్ష తోటలవాళ్ళ దగ్గర పండులో తీపి చూసే పరికరం అదే. ఒక చుక్క వేసి చూస్తే 20 దాటితే ఫరవాలేదు, 30 దగ్గర ఉంటే చాలా మంచివి. పక్క తోట అన్నను అడిగి ఒక రాత్రికి తెచ్చుకోవచ్చు, ఈ విషయంలో సొంత షెడ్ ఏమీ తీసిపోదు. తీసిపోయేది అంకె తక్కువ వచ్చినప్పుడు. ఈనకముందే రోజుల తరబడి పాలు కారిపోయిన గుర్రం దగ్గర ముర్రుపాలు మిగలవు. స్టడ్‌లో అయితే వేరే తల్లి ఇచ్చినవి డీప్ ఫ్రీజర్‌లో దాచి ఉండొచ్చు, గోరువెచ్చని నీళ్ళలో కరిగించి పట్టేస్తారు. మీ దగ్గర? ఆవు ముర్రుపాలు గత్యంతరం లేనప్పుడు వాడతారు కానీ ఆ రక్షణ ఎక్కువ రోజులు నిలవదు. తర్వాత పిల్ల రక్తంలో ఐజీజీ పరీక్ష, అంటే ముర్రుపాల యాంటీబాడీలు ఎంత చేరాయో చూసే పరీక్ష, ఎలాగూ చేయించాలి, 18 నుంచి 24 గంటల మధ్య. డెసిలీటరుకు 800 మిల్లీగ్రాములు దాటితే నిశ్చింత, 400 లోపైతే ప్లాస్మా ఎక్కించాల్సిందే. ఆ కిట్టు, ఆ ప్లాస్మా ఎవరి దగ్గర ఉన్నాయో ఈనాక వెతకడం కాదు, నెల ముందే డాక్టరును అడిగి పెట్టుకోవాలి.

నెలన్నర ముందే పంపాలని పైన అన్నది కూడా ఈ ముర్రుపాల గురించే. తల్లి ఏ చోట ఉంటే ఆ చోటి క్రిములకు తగ్గ యాంటీబాడీలు తయారుచేసుకుని పాలలో పెడుతుంది, దానికి కొన్ని వారాలు పడుతుంది. మీ షెడ్‌లో పదిన్నర నెలలు ఉండి చివరి వారంలో స్టడ్‌కు వెళ్ళిన గుర్రం ముర్రుపాలలో మీ షెడ్ క్రిములకు మందు ఉంటుంది, పిల్ల ఎదుర్కోవాల్సింది మాత్రం స్టడ్ క్రిములను. ప్రయాణం అలసట దీనికి అదనం. ధనుర్వాతం బూస్టర్ కూడా ఈనడానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందు వేయించేది ఇందుకే.

అలాగని స్టడ్ ఏమీ స్వర్గం కాదు. ఎన్నో తల్లులు, ఎన్నో పిల్లలు ఒకే చోట ఉన్నప్పుడు ఒక పిల్లకు విరేచనాలు పట్టుకుంటే వరసగా అంటుతాయి, స్ట్రాంగిల్స్ (గొంతు దగ్గర గడ్డలు కట్టే అంటువ్యాధి) లాంటివి వస్తే ఇక చెప్పక్కర్లేదు. రెండే గుర్రాలున్న శుభ్రమైన షెడ్‌లో ఆ గొడవ చాలా తక్కువ. తల్లి కూడా అలవాటైన చోట, అలవాటైన మనిషి దగ్గర కుదురుగా ఉంటుంది, కొత్త చోట చిరాకుపడి ఈత వాయిదా వేసే గుర్రాలూ ఉన్నాయి. ఇంకోటి, పందెం గుర్రాల స్టడ్‌లు బయటి గుర్రాన్ని అంత తేలిగ్గా రానివ్వవు, గ్లాండర్స్, ఈక్విన్ ఇన్ఫెక్షియస్ అనీమియా లేవని రిపోర్టు అడుగుతారు, అడగాలి కూడా. మనకు దగ్గర్లో కునిగల్ స్టడ్‌కు టిప్పు సుల్తాన్ కాలం నాటి చరిత్ర ఉంది గానీ, అలాంటి చోట్ల లెక్కంతా థరోబ్రెడ్‌ల, అంటే పందెం జాతి గుర్రాల చుట్టూ తిరుగుతుంది, మీ మార్వాడీ గుర్రానికి చోటిస్తారో లేదో ముందే కనుక్కోండి.

పందెం స్టడ్‌ల లెక్క వేరు, అక్కడ ప్రతి పిల్లకూ జనవరి 1నే ఒక ఏడు నిండినట్టు, డిసెంబర్ 30న పుడితే రెండు రోజులకే ఏడాది పిల్ల. అందుకే జనవరి నుంచి ఈతలు పడేలా చూసుకుంటారు. మనకు ఆ బాధ లేదు, కానీ వాళ్ళ కాలం మనకూ మంచిదే: జనవరి, ఫిబ్రవరిలో నేల పొడిగా ఉంటుంది, ఈగలు తక్కువ. సెప్టెంబర్ వానల్లో బురద షెడ్‌లో బొడ్డు ఆరడం కష్టం. పదకొండు నెలలు వెనక్కి లెక్కేసి దాటించండి.

మాయ గురించి ఒక్క మాట. ఆవుకైతే మర్నాటి దాకా చూసినా చూస్తారు. గుర్రానికి మూడు గంటలు దాటితే డాక్టరు రావాల్సిందే, ఆగితే గర్భసంచి చెడి, అది కాళ్ళకు దిగి, లామినైటిస్‌తో (డెక్క లోపలి వాపుతో) గుర్రం కుంటిది కావచ్చు. లాగకూడదు, తొక్కకుండా పైకి ముడివెయ్యాలి, పడ్డాక పారేయకుండా నేల మీద పరిచి గర్భసంచి ఆకారంలోనే మాయకూ ఉండే రెండు కొమ్ముల కొసలూ పూర్తిగా వచ్చాయో లేదో చూడాలి. ఈ పని నేర్చుకుంటే ఎవరైనా చెయ్యొచ్చు, షెడ్‌లో కూడా.

రైడింగ్ స్కూల్ లాయంలో ఈనిస్తే మధ్యేమార్గం కదా అని కొందరి ఆలోచన. వద్దు. గదులు చిన్నవి, పొద్దస్తమానం పిల్లల గోల, వచ్చే పోయే గుర్రాలు, రాత్రికి ఒక్క వాచ్‌మన్. రెండు వైపుల కష్టాలూ అక్కడే ఉంటాయి.

ఇది చదివేటప్పటికే మీ గుర్రానికి మైనం బొట్లు కనిపిస్తుంటే, స్టడ్ మాట వదిలేయండి, దాన్ని ఇక కదిలించొద్దు. ట్రక్కుకు, స్టడ్‌కు కట్టాలనుకున్న డబ్బుతో, ఈతలు చూసిన సయీసు ఒకరిని వెతికి ఈ వారం పది రోజులు రాత్రిళ్ళు మీ షెడ్‌లోనే పడుకోమనండి. అతను ఎంత అడిగితే అంత ఇవ్వండి, బేరం ఆడొద్దు.