పెట్రోలు, గ్యాసు, హైబ్రిడ్, కరెంటు: రోజూ తిరిగే కారుకు ఏది మేలు?

కొత్త కారు వీధిలోకి రాగానే మన వాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఎంతిస్తుంది?" కొన్నాయన షోరూమ్‌లో విన్న అంకె చెబుతాడు. అడిగినాయన ఆ అంకెనే బండి లక్షణంగా గుర్తుపెట్టుకుంటాడు. నిజానికి ఆ అంకెలో సగమే బండిది, మిగతా సగం రోడ్డుది. ఎల్బీ నగర్ నుంచి హైటెక్ సిటీకి పొద్దున తొమ్మిదింటికి బయల్దేరే స్విఫ్ట్ లీటరుకు 14, 15 ఇవ్వొచ్చు. అదే స్విఫ్ట్ విజయవాడ నుంచి గుంటూరుకు హైవే మీద 80లో నిదానంగా వెళ్తే 20 దాటేస్తుంది. ఇంజనూ అదే, పెట్రోలూ అదే.

అందుకే ఏ కారు ఎక్కువ మైలేజీ ఇస్తుందని కాకుండా మూడు విషయాలు అడగాలంటాను. నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు? ఎలాంటి రోడ్డు మీద? రాత్రి బండి ఎక్కడ పెడతారు? ఈ మూడింటికి జవాబు లేకుండా నాలుగు కార్లను పక్కపక్కన పెట్టి చూసినా ఏమీ తేలదు.

ముందు బ్రోచర్‌లోని అంకె సంగతి చూద్దాం. అది కార్లను పరీక్షించే ఏఆర్ఏఐ లాంటి సంస్థలు ధ్రువీకరించే అంకె. కారును గదిలో రోలర్ల మీద పెట్టి దాదాపు ఇరవై నిమిషాలు ఒక పద్ధతి ప్రకారం నడుపుతారు. వేగం 90 దాటదు, ఏసీ ఉండదు. మే నెలలో విజయవాడలో ఏసీ వేయకుండా కారు నడిపేవారెవరో నాకు తెలియదు. అలాగని ఆ అంకె దండగేమీ కాదు. అన్ని కార్లకూ పరీక్ష ఒకటే కాబట్టి ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి పనికొస్తుంది. మన ఊళ్లో ఎంత వస్తుందో తెలియాలంటే మాత్రం అందులోంచి పావు వంతు నుంచి మూడో వంతు దాకా తీసేయాలి.

ఆ లెక్కన మామూలు పెట్రోలు కార్లు ఇప్పుడు బాగానే ఉన్నాయి. 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్‌కు మాన్యువల్‌లో లీటరుకు 24.80 కి.మీ. అని చెబుతారు, ఏఎంటీలో 25.75. సెలెరియోలో ఒక వేరియంట్‌కు 26 దాటుతుంది. ఆటోమేటిక్ అంటే పెట్రోలు తాగేస్తుందన్న మాట ఏఎంటీకి వర్తించదు. అది మామూలు గేర్‌బాక్సే, క్లచ్, గేరు పని మాత్రం మోటారు చేస్తుంది. గేరు మారేటప్పుడు చిన్న కుదుపు ఉంటుంది కానీ కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో ఎడమ కాలికి దొరికే విశ్రాంతి ముందు అదొక లెక్క కాదు.

పెట్రోలు గురించి ఇంకో మాట. ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో పెట్రోలు కంటే శక్తి దాదాపు మూడో వంతు తక్కువ. కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది. ఈ20కి తగ్గట్టు సర్దిన కార్లలో ఒకటి రెండు శాతం, మిగతావాటిలో మూడు నుంచి ఆరు శాతం తగ్గవచ్చని 2025లో ప్రభుత్వమే చెప్పింది. సెకండ్‌హ్యాండ్ కారు చూస్తున్నవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండి అయితే ఈ టెన్షన్ తక్కువ.

ఇక గ్యాసు. సీఎన్జీ కారు కొనేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. డిజైర్ పెట్రోలు మీద లీటరుకు 24.79, సీఎన్జీ మీద 33.73 అంటారు. రెండో అంకె లీటరుకు కాదు, కిలోకు. ఒక కిలో సీఎన్జీలో దాదాపు లీటరున్నర పెట్రోలుకు దగ్గరైన శక్తి ఉంటుంది. ఆ తేడా తీసేసి చూస్తే రెండింటి సామర్థ్యం ఇంచుమించు సమానం. గ్యాసు కారు తక్కువ తాగదు, తాగేది చవక, అంతే. కాబట్టి దాన్ని మైలేజీతో కాకుండా రూపాయల్లోనే కొలవాలి.

రూపాయల్లో గ్యాసుది స్పష్టమైన గెలుపే. ఇబ్బంది బంకు దగ్గర మొదలవుతుంది. హైదరాబాద్, విజయవాడ, కాకినాడల్లో భాగ్యనగర్ గ్యాస్, గోదావరి జిల్లాల్లో గోదావరి గ్యాస్ బంకులున్నాయి. వేరే జిల్లాల్లో వేరే సంస్థలున్నాయి. బంకు ఉండటం ఒకటి, అందులో ప్రెషర్ ఉండటం ఇంకొకటి. పైపులైన్ నేరుగా వచ్చే బంకులో సిలిండర్ నిండుగా ఎక్కుతుంది. పైపులైన్ లేని చోటికి లారీలో సిలిండర్ల గుత్తిని తెచ్చి పెడతారు. అవి ఖాళీ అవుతున్న కొద్దీ ప్రెషర్ పడిపోతుంది. ఎనిమిది కిలోలు పట్టాల్సిన బండికి ఐదో ఆరో ఎక్కి ఆగిపోతుంది. అంటే రేపో ఎల్లుండో మళ్లీ ఆటోల వెనక లైన్లో నిలబడాలి. మీరు వెళ్లే దారిలోనే పైపులైన్ బంకు ఉందా లేదా అన్నది కారు కంపెనీ కంటే ముఖ్యం. కొనే ముందు ఒక సాయంత్రం ఆ బంకు దగ్గరికి వెళ్లి ఆటో డ్రైవర్‌నే అడగండి. ఏ టైముకు వస్తే ప్రెషర్ బాగుంటుందో, ఏ టైముకు లైను పెద్దగా ఉంటుందో అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

డిక్కీ సంగతి కూడా ఉంది. ఒకే పెద్ద సిలిండర్ పెట్టే కార్లలో సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు రెండు సూట్‌కేసులకు చోటుండదు. టాటా, ఆ తర్వాత హ్యుందాయ్ రెండు చిన్న సిలిండర్లను కింద సర్ది ఈ బాధ చాలావరకు తగ్గించాయి. పవర్ కూడా కొంత పోతుంది. స్విఫ్ట్‌లో పెట్రోలు మీద దాదాపు 82 పీఎస్ ఇచ్చే ఇంజను గ్యాసు మీద 70 దగ్గర ఆగుతుంది. ఊళ్లో అది తెలియదు. నలుగురు కూర్చుని ఏసీ వేసుకుని తిరుమల ఘాట్ ఎక్కితే తెలుస్తుంది. మూడేళ్లకోసారి సిలిండర్‌కు హైడ్రో టెస్ట్ (నీటి ప్రెషర్‌తో చేసే పరీక్ష) చేయించాలి, అదొక చిన్న ఖర్చు.

హైబ్రిడ్ అంటే పెట్రోలు ఇంజనుతో పాటు కరెంటు మోటారు కూడా ఉన్న కారు. ఈ మాటను కంపెనీలు ఇష్టమొచ్చినట్టు వాడేస్తున్నాయి. స్మార్ట్ హైబ్రిడ్, మైల్డ్ హైబ్రిడ్ అని వెనక బ్యాడ్జీ ఉన్న కారు కరెంటు మీద ఒక్క అడుగు కూడా కదలదు. దాని మోటారు ఇంజనుకు కాస్త చేయందిస్తుంది, అంతే. నేను చెప్పేది స్ట్రాంగ్ హైబ్రిడ్ గురించి: టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా, హోండా సిటీ హైబ్రిడ్. మూడూ 2022లోనే మన మార్కెట్లోకి వచ్చాయి. హైరైడర్, విటారాలకు చెప్పే అంకె లీటరుకు 27.97.

ఇవి ఎలా పొదుపు చేస్తాయో తెలిస్తే ఎవరికి పనికొస్తాయో తేలిపోతుంది. మామూలు కారు బ్రేకు వేసినప్పుడు అంతసేపూ పుంజుకున్న వేగం వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. హైబ్రిడ్‌లో మోటారే జనరేటర్‌లా పనిచేసి ఆ వేగాన్ని కరెంటుగా మార్చి చిన్న బ్యాటరీలో దాస్తుంది. సిగ్నల్ దగ్గర ఇంజను ఆగిపోతుంది, ఏసీ మాత్రం కరెంటు మీద నడుస్తూనే ఉంటుంది. పచ్చలైటు పడ్డాక మొదటి కొన్ని మీటర్లు మోటారే లాగుతుంది. అంటే ఎంత ఆగి ఆగి వెళ్తే దీనికి అంత లాభం. మిగతా కార్లన్నిటినీ చంపేసే ట్రాఫికే దీనికి తిండి పెడుతుంది. హైవే మీద వందలో ఒకే వేగంతో వెళ్తుంటే బ్రేకులుండవు, ఆగడాలుండవు, దాంతో లాభం కరిగిపోతుంది. విజయవాడ, గుంటూరు మధ్య తిరిగేవాళ్ల కంటే హైదరాబాద్‌లో ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లేవాళ్లకే ఇది ఎక్కువ పనికొస్తుంది.

వచ్చిన చిక్కల్లా ధర. అదే బండిలో మామూలు ఆటోమేటిక్ కంటే స్ట్రాంగ్ హైబ్రిడ్ సుమారు మూడు లక్షలు ఎక్కువ. పన్నులు కూడా దీనికి కలిసిరావు. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోలు, గ్యాసు కార్లకు జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. ఎలక్ట్రిక్ కారుకు 5 శాతమే. ఈ హైబ్రిడ్లు పొడవులోనూ ఇంజనులోనూ ఆ గీత దాటాయి కాబట్టి వాటికి 40 శాతం. దాని మీద మన రెండు రాష్ట్రాల్లోనూ పది లక్షలు దాటిన కారుకు లైఫ్ ట్యాక్స్ 17 శాతం లేదా అంతకంటే ఎక్కువ. పెట్రోలు ఆదా చేసే బండి మీదే పన్ను ఎక్కువ పడటం నాకైతే మింగుడుపడదు.

డీజిల్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2020లో బీఎస్6 కాలుష్య నిబంధనలు రాగానే మారుతి డీజిల్ కార్లు మానేసింది. ఉన్నవాటిలో మసిని పట్టే ఫిల్టర్ ఒకటుంటుంది. అది శుభ్రపడాలంటే బండి కాసేపు హైవే వేగంతో నడవాలి. రోజూ ఐదు కిలోమీటర్లు ఆగుతూ వెళ్లే బండిలో అది మూసుకుపోయి వార్నింగ్ లైటు వెలుగుతుంది. వారానికి నాలుగు రోజులు జిల్లాలు తిరిగే ఉద్యోగమైతేనే దాని జోలికి వెళ్లండి.

ఎలక్ట్రిక్ కారుకు కిలోమీటరు ఖర్చు వీటన్నిటికంటే తక్కువ, ఇందులో వాదనకు తావు లేదు. వాదన ఉన్నది ప్లగ్గు దగ్గర. టియాగో ఈవీలో 24 యూనిట్ల బ్యాటరీకి 2022లో చెప్పిన అంకె 315 కి.మీ. ఊళ్లో ఏసీతో రెండు వందల దగ్గర వస్తుందనుకోండి. రోజుకు నలభై తిరిగేవారికి వారానికి రెండుసార్లు చార్జింగ్ పెడితే సరిపోతుంది. సొంతిల్లు ఉంటే 15 ఆంప్స్ సాకెట్ చాలు, రాత్రి పెడితే పొద్దున్నకు నిండుతుంది. అపార్ట్‌మెంట్ అయితే సెల్లార్‌లో మీ స్లాట్ దాకా మీ మీటరు నుంచి వైరు లాగాలి, దానికి అసోసియేషన్ ఒప్పుకోవాలి. ఆ మీటింగు ఎలా సాగుతుందో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు. అద్దె ఇల్లయితే ఓనర్ దగ్గర ఇంకో పంచాయితీ. ఇంటి దగ్గర ప్లగ్గు కుదరకపోతే బయటి ఫాస్ట్ చార్జర్లే గతి. అక్కడ యూనిట్ ఇరవై రూపాయలకు అటూ ఇటూ పడుతుంది కాబట్టి లాభం కొంత కరిగిపోయినట్టే, పైగా వెయిటింగ్.

ఇప్పుడు లెక్కలు. పెట్రోలు లీటరు 108, సీఎన్జీ కిలో 95, ఇంటి కరెంటు యూనిట్ 9 రూపాయలు అనుకుందాం. మీ ఊరి ధరలు వేరైతే మీవే వేసుకోండి. నెలకు వెయ్యి కిలోమీటర్లు, ఎక్కువగా సిటీలోనే.

చిన్న పెట్రోలు కారు లీటరుకు 16 ఇస్తే కిలోమీటరుకు 6.75 రూపాయలు, ఏడాదికి 81 వేలు. అదే కారు గ్యాసు మీద కిలోకు 23 ఇస్తే కిలోమీటరుకు 4.13, ఏడాదికి యాభై వేల లోపు. గ్యాసు వేరియంట్‌కు దాదాపు 90 వేలు ఎక్కువ పెడతారు కాబట్టి మూడేళ్ల లోపే వసూలు. నెలకు ఐదు వందలే తిరిగితే అదే సొమ్ము రావడానికి దాదాపు ఆరేళ్లు పడుతుంది. అన్నాళ్లు లైన్లో నిలబడటం నా ఉద్దేశంలో దండగ.

చిన్న ఎలక్ట్రిక్ కారు చార్జింగ్‌లో పోయేది కలుపుకుని యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు నడిస్తే కిలోమీటరుకు 1.30, ఏడాదికి పదహారు వేల లోపు. ఇక్కడ ఒక మెలిక ఉంది: నెలకు 140 యూనిట్లకు పైగా అదనంగా కాలుతుంది, దాంతో ఇంటి బిల్లు పై స్లాబులోకి వెళ్లిపోవచ్చు. నేను 9 రూపాయలు వేసింది అందుకే. పెట్రోలు టియాగో కంటే ఎలక్ట్రిక్‌కు మూడు లక్షలకు పైనే ఎక్కువ పెట్టాలి. తెలంగాణలో 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు వరకు ఎలక్ట్రిక్ కార్లకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేశారు. ఆ మినహాయింపు దొరికితే సుమారు నాలుగేళ్లలో తేడా వసూలవుతుంది. బ్యాటరీ పోతుందేమో అన్న భయానికి ఎనిమిదేళ్ల వారంటీ ఉంది. తిరిగి అమ్మేటప్పుడు ధర ఎంతొస్తుందన్న భయానికి మాత్రం మందు లేదు.

హైబ్రిడ్ ఎస్‌యూవీ సిటీలో 22 ఇస్తే కిలోమీటరుకు 4.90, ఏడాదికి 59 వేలు. అదే సైజు మామూలు పెట్రోలు ఎస్‌యూవీ 12 ఇస్తే ఏడాదికి లక్షా ఎనిమిది వేలు. పన్నుతో కలిపి మూడున్నర లక్షల తేడా రావడానికి ఏడేళ్లు. నెలకు రెండు వేలు తిరిగితే మూడున్నరేళ్లే. అందుకని మైలేజీ కోసం చిన్న కారు వదిలేసి హైబ్రిడ్ కొంటానంటే అది పొదుపు కాదు. దాదాపు రెట్టింపు ధర పెట్టి ఏడాదికి ఇరవై వేలు మిగుల్చుకోవడం అవుతుంది. ఎలాగూ ఆ సైజు బండే కావాలి, సిటీలో బాగా తిరుగుతాం అనుకునేవాళ్లకు మాత్రం దాన్ని మించింది లేదు. ఆ నిశ్శబ్దానికి అలవాటు పడ్డాక వేరే బండి నడపబుద్ధి కాదు.

నన్నడిగితే ఇలా చెబుతాను. పిల్లల స్కూలు, రైతుబజారు, వారానికి రెండు రోజులు ఆఫీసు, అన్నీ కలిపి నెలకు ఐదారు వందల లోపు అయితే చిన్న పెట్రోలు కారే. ఇంకేదీ గిట్టుబాటు కాదు. రోజూ యాభై, అరవై కిలోమీటర్లు, దారిలో ప్రెషర్ ఉన్న గ్యాసు బంకు: విజయవాడ, గుంటూరు లాంటి ఊళ్ల మధ్య ఉద్యోగస్తులు కళ్లు మూసుకుని సీఎన్జీ తీసుకోవచ్చు. సొంత పార్కింగ్‌లో ప్లగ్గు ఉండి, దూరప్రయాణాలకు ఇంట్లో ఇంకో కారో లేక రైలో ఉంటే ఎలక్ట్రిక్. ఇంట్లో ఉండేది ఒక్కటే కారు, దాంట్లోనే ఊళ్లకూ వెళ్లాలంటే ఇంకొన్నాళ్లు ఆగమనే అంటాను.

ఏది ఎంచుకున్నా టెస్ట్ డ్రైవ్‌కు షోరూమ్ వాళ్లు చూపించే ఖాళీ రోడ్డుకు వెళ్లకండి. మీ ఆఫీసు టైముకు, మీ దారిలో, ఏసీ వేసి నడుపుతామని అడగండి. బయల్దేరే ముందు మైలేజీ మీటరు సున్నా చేయించండి.